పడ్డవాళ్ల పేర్లు తెర మీద పూర్తిగా సాగనివ్వండి

యాక్షన్ సినిమాలు తీసే నిర్మాతలకు, దర్శకులకు, హీరోలకు, ఆ సినిమాలను మా ఇళ్లలోకి తెస్తున్న స్ట్రీమింగ్ సంస్థల బాధ్యులకు,

నమస్కారం. మీ సినిమాలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ అభిమానంతోనే ఈ లేఖ రాస్తున్నాను. సినిమా చివర వచ్చే పేర్లను, ముఖ్యంగా స్టంట్లలో కింద పడ్డవాళ్ల పేర్లను, పూర్తిగా చూపించమని ఒక స్ట్రీమింగ్ సంస్థకు ఏడు నెలల్లో మూడుసార్లు రాశాను. మొదటి రెండింటికీ ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది’ అని కంప్యూటర్ పంపే జవాబు వచ్చింది. మూడోదానికి అదీ రాలేదు. సినిమా హక్కులున్న పంపిణీదారులకు రాస్తే ఉత్తరం అందిందో లేదో కూడా తెలియలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

పోయిన ఏడాది మెట్ల మీద కాలు జారి పడ్డాను. మూడే మెట్లు. నడుం దగ్గర వెన్నుపూస ఒకటి చిట్లింది. ఆరు వారాలు మంచం దిగలేదు. దగ్గు వస్తుందేమోనని భయం, తుమ్ము వస్తే కళ్ల ముందు చీకట్లు. పక్కకు ఒత్తిగిలాలన్నా మా ఆవిడ చెయ్యి పట్టాల్సిందే. ఆ రోజుల్లో పొద్దు గడవక, పన్నెండేళ్ల వయసులో క్యాసెట్ అరిగిపోయేదాకా చూసిన సినిమా ఒకటి మళ్లీ పెట్టుకున్నాను. 1985లో హాంకాంగ్‌లో విడుదలైన ‘పోలీస్ స్టోరీ’. హీరో జాకీ చాన్, దర్శకుడూ ఆయనే. నా పక్కన మా పదకొండేళ్ల అమ్మాయి కూర్చుంది.

మొదట్లోనే కొండ వాలు మీద పేదల గుడిసెలు కనిపిస్తాయి. దొంగల కార్లు, వాళ్లను తరిమే పోలీసు కారు ఆ గుడిసెల్లోంచే కిందికి దూసుకుపోతాయి. రేకులు, చెక్కలు, గోడలు అన్నీ ఎగిరిపోతాయి. చిన్నప్పుడు మా తమ్ముడూ నేనూ ఈ ముక్కను వెనక్కి తిప్పి తిప్పి చూసేవాళ్లం. అది సినిమా కోసం కట్టిన సెట్టే. కానీ హాంకాంగ్‌లో అలాంటి వాడలు నిజంగానే ఉండేవి. 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మే వాడ తగలబడితే యాభై వేల మందికి పైగా నిలువ నీడ లేకుండా పోయారు. ఈసారి నా కళ్లు కార్ల వెంట పోలేదు, పక్కకు పరుగెత్తుతున్న మనుషుల మీదే ఉండిపోయాయి. దొంగ దొరికాడా లేదా అని కథ ముందుకు సాగిపోతుంది. ఆ రాత్రి వాళ్లు ఎక్కడ పడుకున్నారని అడిగేవాడు కథలో లేడు. నేనూ ముప్పై ఏళ్లపాటు అడగలేదు.

తర్వాత రెండంతస్తుల బస్సు. హీరో రోడ్డుకు అడ్డంగా నిలబడి తుపాకీ చూపిస్తాడు. బస్సు ఒక్క కుదుపుతో ఆగుతుంది. పై అంతస్తులో ఉన్న దుండగులు ముందు అద్దం పగలగొట్టుకుని గాల్లోకి లేచి రోడ్డు మీద పడతారు. అక్కడ నేను ఈల వేసేవాణ్ణి. నిజానికి వాళ్లు పడాల్సింది ముందు ఆపి ఉంచిన కారు మీద. బస్సు అనుకున్నదానికంటే ముందే ఆగడంతో కారు దాకా చేరలేదు, గట్టి రోడ్డు మీదే పడ్డారు. మనం తెర మీద చూసే దెబ్బ వాళ్లకు నిజంగా తగిలిన దెబ్బ. మా అమ్మాయి టీవీ వంక చూస్తూనే అడిగింది, “నాన్నా, వాళ్లు లేచారా?” అని. నాకు తెలియదన్నాను. వాళ్ల పేర్లేమిటంది. అదీ తెలియదు.

చివరి పోరాటం పెద్ద షాపింగ్ మాల్‌లో. ఫైటింగుల్లో పగలగొట్టేది ఉత్తుత్తి గాజు, పగిలినా కోసుకోకుండా పలచగా చేస్తారు. ఈ సినిమాకు దాన్ని మామూలు కంటే మందంగా చేయించారు. యూనిట్ వాళ్లే ఈ సినిమాను ‘గ్లాస్ స్టోరీ’ అని పిలుచుకునేవారట. అద్దాల పెట్టెల్లోకి, అద్దాల బల్లల మీదికి ఒకడి తర్వాత ఒకడు విసిరేసినట్టు పడుతూనే ఉంటారు. అన్నిటి చివరా హీరో మాల్ పై అంతస్తు నుంచి విద్యుద్దీపాలు చుట్టిన స్తంభాన్ని పట్టుకుని కిందికి జారతాడు. దాన్ని మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తారు. చిన్నప్పుడు అది మాకు మూడు రెట్ల పండగ. జారింది మాత్రం ఒక్కసారే. ఆ ఒక్కసారికే ఆయన అరచేతులు కాలాయి, వెన్నుకూ కటి ఎముకకూ దెబ్బలు తగిలాయి. మూడు మెట్లు పడినవాణ్ణి కనుక ఈసారి ఆ మూడు షాట్లూ చూడలేక కళ్లు మూసుకున్నాను.

సినిమా అయిపోయాక పేర్లు పైకి వెళుతుంటే, వాటి వెనక షూటింగులో తప్పిపోయిన షాట్లు, అంటే అనుకున్నట్టు కుదరక పక్కన పెట్టినవి, వస్తాయి. జాకీ చాన్ సినిమాలంటే మాకు అసలు సినిమా కంటే అవే ఇష్టం. ఈ పద్ధతికి మూలం 1981 నాటి ‘కానన్‌బాల్ రన్’. జాకీ చాన్ అందులో నటించాడు. దాని దర్శకుడు హాల్ నీధమ్ ఒకప్పుడు స్టంట్‌మ్యాన్, ఒంట్లో 56 ఎముకలు విరిగాయని చెప్పుకున్న మనిషి. తప్పిపోయిన షాట్లలో జనం కిందపడుతుంటే మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఇప్పుడు చూస్తే అక్కడ నవ్వడానికేమీ లేదు. పడ్డవాడి చుట్టూ నలుగురు పరుగున చేరతారు, ఒకరు తల పట్టుకుంటారు, ఇంకొకరు మోస్తారు. సినిమా మొత్తంలో పడ్డవాడి దగ్గరికి ఎవరైనా వెళ్లేది అక్కడే.

సరిగ్గా అక్కడే మీ యాప్ తెరను అగ్గిపెట్టెంత చేసి ఒక మూలకు నెట్టింది. దాని మీద ఇంకో సినిమా బొమ్మ, అయిదు, నాలుగు, మూడు అని లెక్క. నడుం పట్టేసి నేను రిమోట్ అందుకునేలోపు వేరే సినిమా మొదలైపోయింది. మా అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఏమైనా ఉంటే ఆ పేర్లలోనే ఉండాలి.

యాక్షన్ సినిమాలు ఆపమని అడగడం లేదు. నాకు ఇప్పటికీ అవంటే ప్రాణం. జాకీ చాన్‌ను తప్పుపట్టడమూ నా ఉద్దేశం కాదు. ఆయన కూడా పేరు లేకుండా పడ్డవాడే. 1972 నాటి ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ చివర్లో బ్రూస్ లీ తన్నితే గోడ బద్దలు కొట్టుకుని బయటికెగిరే విలన్‌కు డూప్ ఆయనే. అది ఎవరని ఆ రోజు హాల్లో ఎవరూ అడిగి ఉండరు. నేను మీ ముందు పెట్టే విషయాలు ఇవి.

1. పేర్ల జాబితా నడుస్తున్నప్పుడు తెరను చిన్నది చేయకండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపుకోవచ్చని మీరనవచ్చు. నేను ఆపి చూశాను. తర్వాతి సినిమా దానంతటది మొదలవడం ఆగింది, బొమ్మ మూలకు పోవడం ఆగలేదు. ప్రేక్షకుడు అడిగితేనే చిన్నది కావాలి, అడక్కుండా కాకూడదు. తప్పిపోయిన షాట్లు పేర్లతో కలిసి నడిచే సినిమాల్లో అయితే అది సినిమాలో భాగమే. చివరి రెండు నిమిషాలు కోసేసి పూర్తి సినిమా చూపించామని మీరు చెప్పడం న్యాయం కాదు.

2. యాప్‌లో సినిమా బొమ్మ కింద నటీనటులు, దర్శకుడు అని ఇచ్చే జాబితాలో ఫైట్ మాస్టర్ పేరు, డూపుల పేర్లు, ఫైటర్ల పేర్లు చేర్చండి. పాత హాంకాంగ్ సినిమాల్లో ఎన్నో పేర్లు చైనా లిపిలోనే ఉండిపోయాయి. మాటలన్నీ మా భాషలోకి మార్చగలిగిన మీకు ఆ పేర్లను మా లిపిలో రాయడం పెద్ద పనా? 1986లో హాంకాంగ్ సినిమా అవార్డుల్లో ఈ సినిమా ఉత్తమ చిత్రమైంది, ఉత్తమ యాక్షన్ అవార్డూ దీనికే వచ్చింది. అది జాకీ చాన్ స్టంట్ బృందానికి దక్కింది. బృందమంటే మనుషులు. ఒక్కొక్కరికి ఒక్కో పేరుంది.

3. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, కాస్త వివరంగా రాస్తాను. దెబ్బ తగిలిన రోజే బయటపడదు. 1924లో ‘షెర్లాక్ జూనియర్’ తీస్తున్నప్పుడు రైలు మీద నీళ్ల ట్యాంకు గొట్టం పట్టుకుని వేలాడుతున్న బస్టర్ కీటన్‌ను నీటి ధార కిందికి తోసేసింది. మెడ పట్టాకు కొట్టుకుంది. కొన్నాళ్లు తలనొప్పి అన్నాడు, మళ్లీ పనిలోకి దిగాడు. మెడ ఎముక విరిగి అతుక్కుందని డాక్టరు ఎక్స్‌రేలో చూసింది ఏళ్ల తర్వాత. ఆయన పెద్ద తార కాబట్టి ఈ సంగతి మనదాకా వచ్చింది. పేరు లేని ఫైటరు మెడ సంగతి ఎవరికి తెలుస్తుంది?

నేను ఆరు వారాలు పడుకుంటే ఆఫీసు జీతం వచ్చింది, బీమా వచ్చింది. అప్పుడు కూడా ఇల్లు తలకిందులైంది. మా ఆవిడ సెలవులన్నీ నా మంచం దగ్గరే అయిపోయాయి. పిల్ల స్కూలు నుంచి వచ్చి చప్పుడు చేయకుండా మూల కూర్చునేది. పని చేసిన రోజుకే డబ్బులు వచ్చే మనిషి ఆరు వారాలు పడుకుంటే ఆ ఇంట్లో ఏమవుతుంది? నడుం నొప్పి ఉందని చెబితే రేపు పిలవరేమో అన్న భయంతో మాత్ర మింగి మళ్లీ తాడు కట్టుకుంటాడు. తల మీద మళ్లీ మళ్లీ తగిలే చిన్న దెబ్బలు లోపల పోగుపడతాయని, వాటి ఫలితం వయసు మీద పడ్డాక కనిపిస్తుందని ఆటగాళ్ల విషయంలో వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. స్టంట్ చేసేవాడి తల వేరే పదార్థంతో చేసింది కాదు.

ఇప్పుడంతా గ్రాఫిక్సే కదా, ఎవరు పడుతున్నారు అనేవాళ్లున్నారు. డేవిడ్ హోమ్స్ అనే ఆయన హ్యారీ పాటర్ సినిమాల్లో మొదటినుంచీ హీరోకు డూప్. 2009 జనవరిలో, గ్రాఫిక్స్‌కు పేరుపడ్డ ఆ సినిమాల్లోనే ఒకదానికి రిహార్సల్ చేస్తుండగా, వైరు వెనక్కి లాగిన విసురుకు గోడకు కొట్టుకుని మెడ విరిగింది. అప్పటినుంచి చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. కంప్యూటర్ తాడును చెరిపేస్తుంది. తాడుకు కట్టిన మనిషి శరీరం మాత్రం నిజమే.

కాబట్టి షూటింగ్ రోజుల వరకే ఉండే బీమా చాలదు. ఆ సినిమాలో తగిలిన దెబ్బకు ఎన్నేళ్లకు వైద్యం కావాల్సి వచ్చినా ఖర్చు భరిస్తామని ఒప్పందంలో రాయండి. పని చేయలేని రోజులకు కూలి ఇవ్వండి. స్టంట్ చేసిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయించి, ఆ కాగితం ఒకటి ఆ మనిషి చేతికే ఇవ్వండి.

4. ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. మగ డూప్ చొక్కా కింద, ప్యాంటు కింద మెత్తలు కట్టుకోవచ్చు. హీరోయిన్‌కు చేతులు, వీపు, కాళ్లు కనిపించే బట్టలు వేస్తారు కనుక ఆమె డూప్‌కూ అవే బట్టలు. మెత్త పెట్టే చోటే ఉండదు, పడేది మాత్రం అదే నేల మీద. ‘పోలీస్ స్టోరీ’ రెండో భాగం షూటింగులో హీరోయిన్ మ్యాగీ చ్యూంగ్ తల పగిలి కుట్లు పడ్డాయి, మిగిలిన భాగం డూప్‌తో పూర్తి చేశారు. పడే సన్నివేశం ఉందని తెలిసినప్పుడు బట్టలు కుట్టించే ముందే ఫైట్ మాస్టర్‌ను అడగండి. ఖర్చు లేని పని ఇది.

5. ‘ఇంకో టేక్’ అన్నప్పుడు ‘వద్దు’ అనే హక్కు సెట్‌లో ప్రతి ఒక్కరికీ ఉండాలి. 1982 జూలైలో అమెరికాలో ‘ట్వైలైట్ జోన్’ సినిమాకు అర్ధరాత్రి దాటాక తీస్తున్న యుద్ధ సన్నివేశంలో హెలికాప్టర్ కూలి నటుడు విక్ మారో, ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. చట్టం ఒప్పుకోని వేళలో ఆ పిల్లలను అక్కడికి తెచ్చారు. కోర్టులో చివరికి అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. పేలుళ్లు, తుపాకులు, ఎత్తు, నీళ్లు ఉన్న రోజున షాట్ ఆపే అధికారం దర్శకుడి కింద పని చేయని ఒక మనిషికి ఇవ్వండి. ఆపినందుకు ఆ మనిషి తర్వాతి సినిమా పోకూడదు.

6. గౌరవం, డబ్బు. ఆస్కార్ అవార్డులు ఇచ్చే అకాడమీ స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2027లో విడుదలయ్యే సినిమాలకు, 2028లో జరిగే నూరో వేడుకలో అది మొదలవుతుంది. నూరేళ్లు పట్టింది. హాంకాంగ్‌లో 1980లలోనే ఆ అవార్డు ఉంది. మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లోనూ 64వ విడత నుంచి యాక్షన్‌కు అవార్డు ఇస్తున్నారు. సంతోషం. కానీ అవార్డు తీసుకునేది ఒకరు, పడేది నలభై మంది. హాలీవుడ్ యూనియన్ ఒప్పందాల కింద సినిమా మళ్లీ మళ్లీ ప్రదర్శించినప్పుడు స్టంట్ కళాకారులకూ వాటా అందుతుంది. ఆ పద్ధతి మిగతా చోట్లా రావాలి. నలభై ఏళ్ల నాటి సినిమాకు కొత్తగా మెరుగులు దిద్ది మీరు మళ్లీ అమ్ముతున్నారంటే అందులో అమ్ముడుపోతున్నది ఆ పడటమే.

హీరోలకు విడిగా ఒక మాట. ‘డూప్ లేకుండా నేనే చేశాను’ అని మీరు చెప్పుకునే మాట నిజమైన చోట మీ ధైర్యానికి దండం పెడతాను. జాకీ చాన్ 1986లో ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ కోసం గోడ మీంచి చెట్టు మీదికి దూకి, కొమ్మ విరిగి రాళ్ల మీద పడి పుర్రె చిట్లగొట్టుకున్నాడు. మెదడుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఒక చెవికి వినికిడి తగ్గింది. ఆ ధైర్యం నిజం. కానీ మీ ఎదురుగా నిలబడి మీ చేతి దెబ్బకు పడిన ఇరవై మందికీ డూపులు లేరు. తర్వాతి సారి మైకు ముందు ఆ మాట చెప్పేటప్పుడు వాళ్లలో ఇద్దరి పేర్లయినా పలకండి. ఇంకొకటి. పిల్లలు మిమ్మల్ని చూసి దూకుతారు. ఆ స్తంభం సీను చూసిన మర్నాడు మా తమ్ముడు స్కూలు జెండా కర్ర పట్టుకుని పైనుంచి జారాడు. రెండు అరచేతుల చర్మం ఊడొచ్చింది. నెల రోజులు అమ్మ అన్నం తినిపించింది. వాడు ఏడవలేదు, హీరో ఏడవలేదు కదా అన్నాడు. మీకు నొప్పి పుట్టిందని, ఆసుపత్రిలో ఎన్నాళ్లు ఉన్నారో ఒక్కసారి పిల్లలకు చెప్పండి. మా తమ్ముడికి ఆ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఈ ఆరింటిలో మొదటి రెండూ చేయడానికి మీకు చట్టం అక్కర్లేదు, కొత్త ఖర్చూ పెద్దగా లేదు. వాటికి నెల రోజుల గడువు అడుగుతున్నాను. మూడు నుంచి ఆరు దాకా ఉన్నవాటి మీద నిర్మాతలు, స్టంట్ కళాకారుల సంఘాలు ఒక చోట కూర్చోవాలి. ఏం తేల్చుకున్నారో బయటికి చెప్పాలి. అంతవరకు చూసే ప్రతి యాక్షన్ సినిమాకూ నేను ఇదే ఉత్తరం పంపుతాను. నాతో గొంతు కలపమని మిగతా ప్రేక్షకులనూ అడుగుతున్నాను. మీ ఇంట్లో పేర్లు మొదలైనప్పుడు లేవకండి. తెర చిన్నదైతే పెద్దది చేసి, ఆ సంస్థకు ఒక్క వాక్యం రాయండి.

మీలో ఎవరైనా నాకు జవాబు రాయాలనుకుంటే, నా అభిప్రాయం విలువైనదని రాయనక్కర్లేదు. ఆ బస్సు పై అంతస్తులోంచి రోడ్డు మీద పడ్డవాళ్ల పేర్లు రాయండి. లేచారో లేదో కూడా రాయండి. మా అమ్మాయికి చెప్పాలి.

ఇట్లు,
మీ సినిమాలు చూస్తూ పెరిగిన ఒక ప్రేక్షకుడు